సీట్లు లేవు

“మీ అక్క ఊరెంత దూరమని? విమానంలో గంటా పది నిమిషాలేగా. ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చు,” అంటాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. ఆ ఎప్పుడంటే అప్పుడు మూడేళ్ళుగా రానేలేదు.

దూరాల సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా? పదకొండేళ్ళుగా విమానం టికెట్లు తీసే ఆఫీసులో ఉద్యోగం. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అక్క ఊరికి ఆరువందల ఇరవై. “ఈ గడప నుంచి ఆ గడపకి నాలుగు గంటలు వేసుకోండి,” అని వచ్చినవాళ్ళకి ఓపిగ్గా చెబుతుంది. తన గడప దాటడానికి మాత్రం మూడు రోజులు కావాలి. కూరలు వండి డబ్బాల్లో సర్దాలి, అత్తగారి మాత్రలు పూటపూటకీ పొట్లాలు కట్టాలి, పాప బడి బట్టలు, ఆయన చొక్కాలు. అన్నీ అయ్యాక అత్తగారు నెమ్మదిగా, “వెళ్ళిరామ్మా, మా పాట్లేవో మేం పడతాంలే,” అంటారు. సర్దిన సంచీ మళ్ళీ అటకెక్కుతుంది.

పోయినేడు అక్కకి ఒకవైపు రొమ్ము తీసేశారు. అప్పుడూ ఇదే తంతు. చివరికి ఫోన్లో, “సీట్లు లేవక్కా, ఒక్కటంటే ఒక్కటి లేదు,” అనేసింది. టికెట్లు తీసే మనిషే లేవంటే కాదనేదెవరు? అమ్మ పోయాక తనకి జడలేసి బడికి పంపిన అక్కతో ఆడిన అబద్ధం అది. ఎంత సిగ్గులేనిదాన్ని అనుకుంటుంది. ఆ ఊరికి ఎవరైనా టికెట్ అడిగితే నేటికీ ముందు ఖాళీ సీట్లే లెక్కపెడుతుంది.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది. రెండోవైపూ తీసేయాలన్నారట, ఎల్లుండి పొద్దున. ఆమె నోటికి అలవాటైన మాటే వచ్చింది. “చూస్తానక్కా, సీట్లు...”

“ఉన్నాయే పిచ్చిదానా. ఇప్పుడే ఫోన్లో చూశా, పద్నాలుగు ఖాళీ. పోయినసారీ చూశాను. ఇరవై రెండున్నాయి. నీ తిప్పలేంటో అని ఊరుకున్నా. ఈసారి మాత్రం భయంగా ఉందే.”

ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “వస్తున్నానక్కా,” అని మాత్రం అనగలిగింది. టికెట్ కోసం వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్న పెద్దాయనని రెండు నిమిషాలాగమని, కంప్యూటర్లో తన పేరు కొట్టింది. రేపు పొద్దున మొదటి విమానం. తిరిగొచ్చే తేదీ దగ్గర ఏమీ నింపలేదు.

భర్తకి ఫోన్ చేసి చెప్పింది.

“రేపేనా? ఇలా ఉన్నపళంగా అంటే ఎలా? అమ్మ మాత్రలెవరు చూస్తారు?”

తప్పు చేస్తున్నట్టు అనిపిస్తూనే ఉంది. అయినా ఫోన్ పెట్టేయలేదు, క్షమించమనీ అడగలేదు.

“అలమర రెండో అరలో ఉన్నాయి,” అంది. “మీ కుర్చీ నుంచి పదడుగుల దూరం.”