చాంద్‌పాషా కంటే ముందు

చాంద్‌పాషా నా భార్య వజీరాబీకి తమ్ముడు. రెండేళ్ల కిందట తాండూరులోని మా గల్లీకి మొదటి కారు తెచ్చింది వాడే. శుక్రవారం నమాజుకు ఆ తెల్ల కారులోంచి దిగితే, మసీదు గేటు దగ్గర అందరూ వాడికే ముందు సలాం చెప్పేవారు. పక్కనే నడిచి వచ్చిన నన్ను ఎవరూ చూసేవారు కాదు. రెండేళ్లు నమాజులో నేలకు తల ఆనించి నేను అడిగింది కారే. అల్లా క్షమించుగాక.

పోయిన నెల పాత కారొకటి కొన్నాను. అదీ తెల్లదే. కాగితాల పని మీద రెండు శుక్రవారాలు వికారాబాద్‌లోనే నమాజు చదివాను. మూడో శుక్రవారం అత్తరు పూసుకుని, అర కిలోమీటరు దూరానికి కారు తీశాను. గేటు ముందు నిలిపి, అందరూ చూసేదాకా ఇంజన్ ఆపలేదు.

ఎవరూ సలాం చెప్పలేదు. ఎదురుగా చాయ్ బండి బిచ్చయ్య ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అజహర్ సేటూ, జర బంద్ చెయ్. పొగంత లోపటికే పోతున్నది. ముసలోళ్లు కూసునేది గా కిటికీ పక్కనే."

"చాంద్‌పాషా కారుకు లేని పొగ నాదానికే వచ్చిందా?"

"ఆయన రెండు వారాల సంది నడిచే వస్తుండు. వాళ్ల అబ్బాకు దగ్గు తగ్గుతలేదని. ఆయన్ని చూసి పదిమంది బండ్లు ఇంటికాడనే పెట్టిన్రు."

వాళ్ల అబ్బా అంటే నా మామే. దగ్గు సంగతి నాకు తెలియనే తెలియదు.

అంతలో చాంద్‌పాషా నడిచి వచ్చాడు. "దుల్హాభాయ్, కారు మస్తున్నది! ముబారక్!" అన్నాడు నిండు మనసుతో. సలాములు మళ్లీ వాడికే.

ఇంట్లో వజీరాబీ అడిగింది: "మీకు కావాల్సింది కారా, సలామా?"

తర్వాతి శుక్రవారం తొందరగా బయలుదేరి, చుట్టుదారిన నడిచాను. మసీదుకు వేసే ప్రతి అడుగూ పుణ్యమని చిన్నప్పుడు నేర్చుకున్నాను. వాడిని మించాలని వేసే అడుగులు కూడా లెక్కకు వస్తాయా? మౌలానాను అడగడానికి సిగ్గేసింది.

మసీదు మలుపులో వెనక నుంచి కేక. "దుల్హాభాయ్, జర ఆగు!"

"ఆగితే నువ్వు ముందు పోతవ్ రా!"

వాడు నవ్వాడు. "పోను తియ్. నీ వెనకాలనే వస్త."

అన్నట్టే వెనకే వచ్చాడు. మసీదు కిటికీ తెరిచి ఉంది. పక్కన కుర్చీలో మామ ప్రశాంతంగా కూర్చున్నాడు. గేటు దగ్గర మొదటి సలాం నాకే దక్కింది.

వాడు వెనక నిలబడి నాకు ఇప్పించిన సలాం అది. దానికి కూడా నా కడుపు మండింది.