కెటిల్లో నానబెట్టిన నీళ్ళు

మా బిల్డింగులో నన్ను ‘నీళ్ళ డాక్టరమ్మ’ అంటారు. వెటకారమే అనుకోండి, అయినా లోలోపల నాకు బాగానే ఉండేది. నాకొచ్చిన వైద్యమంతా ఒక్కటే, ఉప్పు నీళ్ళకి. మా బోరు నీళ్ళతో తలంటుకుంటే జుట్టు చీపురుకట్ట, బట్టలు ఉతికితే అట్టముక్కలు. గ్లాసు కడిగి బోర్లిస్తే ఆరేలోపు మచ్చలు. కుళాయి మూతికి సున్నం గడ్డకట్టి, ఒక ధార గిన్నెలోకి, ఇంకో ధార నా మొహం మీదికి. సబ్బుకి నురగ రాదు గానీ, తిట్టీ తిట్టీ నా నోట్లో వచ్చేది.

తిట్లతో సున్నం వదలదని తెలిశాక పని నేర్చుకున్నాను. షవర్‌కి వెనిగర్ సంచి కట్టడం, స్నానమవగానే గాజు తలుపు పొడిగుడ్డతో తుడవడం, గీజర్ రాడ్డు ఏడాదికోసారి విప్పించడం, కెటిల్లో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వేడి చేసి గంటసేపు నానబెట్టడం. నేర్చుకుని ఊరుకున్నానా, పన్నెండు వాటాల వాళ్ళకీ పాఠాలు చెప్పాను. “నానబెట్టిన కెటిల్ మీద చీటీ అంటించండి, ఎవరైనా చూసుకోక తాగేస్తారు” అని కూడా చెప్పాను. అంత తెలివి నాది.

ఇక మా అత్తయ్య. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక ఆస్పత్రి మందుల గదిలో పని చేసింది. పొడులు తూచి, కలిపి, పొట్లాలు కట్టే పని. “నా చేతి మీదుగా ఒక్క పొట్లం తప్పు పోలేదు” అని నెలకోసారైనా అనేది. పదిసార్లు విన్నాక నాకు విసుగొచ్చి, “మళ్ళీ పొట్లం విప్పారా అత్తయ్యా” అనేదాన్ని. ఆవిడ నవ్వేసేది. మా పాపని బడికి తీసుకెళ్ళేదీ తెచ్చేదీ ఆవిడే. నేను ఫోన్లో ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకుంటుంటే, వంటింటి సగం భారం కూడా ఆవిడదే.

ఈమధ్య కొంచెం మరుపు మొదలైంది. ఒకరోజు కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. ఇంకోరోజు కుళాయి కట్టకుండా వెళ్ళిపోయింది. మా ఆయన కంగారు మనిషి. “అమ్మ ఇంకొక్కసారి ఇలా చేసిందంటే పాపని ఆవిడ చేతికివ్వడం మానేద్దాం, డాక్టరుకి చూపిద్దాం” అన్నాడు నాతో. ఆ మాట అత్తయ్య చెవిన పడింది. పడిందని మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి మా ఇంట్లో మీటింగు. మేడ మీది ట్యాంకుకి ఉప్పు తీసే మిషను పెట్టించాలని నేనే అందరినీ పోగుచేశాను. పదకొండు మంది వచ్చారు. ఇలాంటి రోజు ఇల్లు అద్దంలా ఉండాలి కదా, నీళ్ళ డాక్టరమ్మ ఇల్లాయె. పొద్దున్నే కుళాయిలు తోమాను, గాజులు తుడిచాను, చివరికి కెటిల్లో నిమ్మ ఉప్పు నానబెట్టాను. ఇంతలో తలుపు కొట్టారు. చీటీ అంటించలేదు. కెటిలూ మర్చిపోయాను, చీటీ కూడా మర్చిపోయాను.

నేను హాల్లో ఉపన్యాసం దంచుతుంటే అత్తయ్య టీ కాచింది. కెటిల్లో నీళ్ళుంటే నేనే పోసి పెట్టాననుకుంది పాపం. మరగబెట్టి, గిన్నెలో డికాక్షన్ దించి, పంచదార వేసి, పన్నెండు కప్పుల్లో వంచి తెచ్చింది. పాల జగ్గు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరి కప్పులో పోస్తోంది. పోసిన కప్పులో పోసినట్టే పాలు విరిగిపోయాయి. మొదటిది, రెండోది, మూడోది. ఆవిడ జగ్గు ఎత్తి వాసన చూసింది. పాలు కమ్మగానే ఉన్నాయి.

మూడో అంతస్తు బ్యాంకాయన పాలు పోయని కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. మొహం అష్టవంకర్లు తిరిగింది. “అబ్బో, పులుపు. పెద్దావిడ పంచదారనుకుని నిమ్మ ఉప్పు వేసినట్టున్నారే” అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మామూలుగానే. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు. ఒకటి పంచదార, ఒకటి నిమ్మ ఉప్పు. పక్కపక్కనే ఉన్నాయిట. చూడ్డానికి రెండూ ఒకటే తెలుపు.

“నేను చూసే తీశానురా” అంది అత్తయ్య. “కెటిల్లో నీళ్ళుంటే కాచాను. పంచదార డబ్బానే తీశాను.” తర్వాత నా వైపు చూసింది. “చూశాననే అనుకున్నాను” అంది, గొంతు తగ్గించి.

నాకు అప్పుడే తెలిసింది. కెటిల్ మాట వినగానే పొద్దున నానబెట్టింది గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు, “అయ్యో, తప్పు నాదండీ” అని. కానీ ఆ పదకొండు మంది ముందు, చీటీ అంటించండని పాఠం చెప్పిన నోటితో, ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. కప్పులన్నీ తీసుకెళ్ళి సింకులో కడిగేశాను.

తర్వాత అనేది ఎంత పాడు మాటో ఆ రోజు సాయంత్రమే తెలిసింది. మా ఆయన తల్లి పక్కన కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు, రేపట్నుంచి పాపని తనే తెస్తానని, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని, డాక్టరు దగ్గర టైము తీసుకున్నానని. ఆవిడ పోట్లాడుతుందని చూశాను. పోట్లాడితే బాగుండేది, ఆ రభసలో నేనూ చెప్పేసేదాన్ని. ఆవిడ “సరే నాన్నా” అంది. అంతే.

ఆ తర్వాత ఆ ఇంట్లో నేను ఎలా తిరిగానో నాకే తెలుసు. రోజూ మూడున్నరకి అత్తయ్య చెప్పులేసుకోబోయి ఆగిపోయేది. తన కప్పులో పంచదార వేసుకునే ముందు వేలితో అద్ది నాలిక మీద పెట్టుకునేది. పెట్టుకున్నాక కూడా, “ఇది పంచదారేనా అమ్మాయ్?” అని నన్నడిగేది. నన్ను. నేను “పంచదారే అత్తయ్యా” అని తల తిప్పుకునేదాన్ని. మింగలేను, కక్కలేను. మెట్ల మీద బ్యాంకాయన కనబడి, “పెద్దావిడ ఎలా ఉన్నారు, జాగ్రత్తగా చూసుకోండి” అంటే, “చూసుకుంటున్నామండీ” అన్నాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. సిగ్గంటే మొహం ఎర్రబడటం అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. కాదు, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగకపోవడం.

డాక్టరు దగ్గరికి ఇంక రెండు రోజులుందనగా, మధ్యాహ్నం ఆవిడ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల గొణుగుడు వినిపించింది. మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని, ఆ రోజు వారం, తేదీ, పాప పుట్టినరోజు, మా ఇంటి నంబరు అప్పజెప్పుకుంటోంది. పరీక్షకి చదివినట్టు. నన్ను చూసి సర్దుకుంది.

“డాక్టరు ఇవే అడుగుతాడట కదా” అంది. “ఒక్క సాయం చెయ్యవే అమ్మాయ్. ఆ టీ సంగతి నువ్వే చెప్పు డాక్టరుకి. ముప్పై ఏళ్ళు పొడులు తూచిన దాన్ని, పొడి గుర్తుపట్టలేకపోయానని నా నోటితో నేను చెప్పుకోలేను. సిగ్గుగా ఉంది.”

అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. “మీరు కాదత్తయ్యా, నేను” అన్నాను. కెటిలూ, నానబెట్టడమూ, మర్చిపోవడమూ, నోరు మూసుకోవడమూ, అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, ముక్కు చీదుకుంటూ చెప్పాను.

ఆవిడ లేచి వచ్చి నా తల నిమిరింది. “నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు. తెలుసులే. నువ్వు మాట కటువు గానీ మంచిదానివే” అంది.

చెప్పుతో కొట్టినా అంత నొచ్చేది కాదు. “అబద్ధం కాదు, నిజంగా నేనే” అన్నాను. ఎంత గట్టిగా అంటే ఆవిడ అంత జాలిగా చూసింది. ఒట్టు పెట్టాను. నమ్మలేదు. చివరికి ఆవిడ నిమిరే చెయ్యి ఆగింది. ఏదో ఆలోచనలో పడింది. మందుల గదిలో కూర్చున్నప్పుడు అలాగే ఉండేదేమో.

“ఆ రోజు కప్పులు నువ్వే కదూ కడిగావు” అంది.

“నేనే.”

“కడిగేముందు రుచి చూశావా?”

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా. సింకు దగ్గర ఒక కప్పు ఎత్తి గుక్క తాగాను, అనుమానం తీర్చుకుందామని. “చూశాను” అన్నాను.

“పంచదార బదులు నిమ్మ ఉప్పు వేసుంటే ఉత్త పులుపే ఉండాలి. తీపి తగిలిందా?”

“తగిలిందత్తయ్యా. పులుపూ ఉంది, తీపీ ఉంది.”

“అంటే నేను పంచదారే వేశాను.”

“అవును.”

“నీకు అప్పుడే తెలుసు. తెలిసి కడిగేశావు.”

“కడిగేశాను.”

ఆవిడ చెయ్యి నా తల మీంచి తీసేసింది. కోపంగా కాదు, తన చెయ్యి తను తీసుకుంది. తన వేళ్ళు ఒకసారి చూసుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, “లే” అంది. “వాడు రాగానే వాడికి చెబుదువుగాని. ముందు మెట్లెక్కు.”

ఎక్కాను. మూడో అంతస్తు, బ్యాంకాయన తలుపు. ఆయన తీసి, నన్ను దాటి వెనకాల ఉన్న అత్తయ్యని చూసి, ముద్దు చేస్తున్నట్టు నవ్వాడు. “ఏం పెద్దమ్మా, పంచదారకీ నిమ్మ ఉప్పుకీ తేడా తెలుస్తోందా ఇప్పుడు?”

“ఆవిడ వేసింది పంచదారేనండీ” అన్నాను నేల చూస్తూ. “నిమ్మ ఉప్పు నాది. కెటిల్లో నేను నానబెట్టి మర్చిపోయాను.”

“ఎవరికీ వినపడలేదు” అంది అత్తయ్య నా వెనక నుంచి. “ఆ రోజు వాళ్ళ నవ్వు కింద వీధి దాకా వినపడింది. అంత గట్టిగా చెప్పు.”

పై అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది, కింద ఇంకొకటి. నేను తలెత్తి, గొంతు పెంచి, మొదట్నుంచి మళ్ళీ చెప్పాను. తీపి తగిలిందన్న మాటతో సహా.