తిత్తి పట్టిన చెయ్యి

మా ఇంటి వెనక గోడకు చెవి ఆనిస్తే దయానందం సారు తోటలో ఇంజను మోత వినబడుతుంది. ఆనించకపోయినా వినబడుతుంది. అయినా నేను ఆనిస్తాను. ఆ మోత ఉన్నంతసేపూ నా కొడుకు స్వామిదాసు అక్కడే, ఆ నీళ్ల తొట్ల దగ్గరే ఉన్నాడని నాకు ధైర్యం.

పట్నంలో కాలేజీలు మూతబడి వాడు మొయినాబాదుకు తిరిగొచ్చాడు. తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు, పోలీసులు తుపాకులు పేల్చారు. ఏ తల్లి కొడుకో ఇంటికి రాలేదని వింటే నాకు అన్నం దిగేది కాదు. వాడు నా కళ్ల ముందు ఉన్నా నిద్ర పట్టేది కాదు. ఉన్నవాడు ఎప్పుడు వెళ్లిపోతాడో అని.

దయానందం సారు వ్యవసాయ శాఖలో పనిచేసి దిగిపోయిన మనిషి. పట్నంలోనే ఉంటాడు. ఇక్కడ మట్టి లేని తోట పెట్టి, వాడిని పనిలో పెట్టుకున్నాడు. సిమెంటు తొట్లలో ఎరువుగా మందుప్పులు కలిపిన నీళ్లు. తొట్ల మీద రంధ్రాలు పెట్టిన చెక్కలు. ఆ రంధ్రాల్లో టమాట మొక్కలు, కింద నీళ్లలో వేలాడే వేర్లు. మట్టి లేకుండా మొక్క ఎట్లా బతుకుతుందని నేను నవ్వాను. కాని వాడు చెప్పిన సంగతి నా గుండెలో ముల్లయి కూర్చుంది. వేర్లు కూడా ఊపిరి పీలుస్తాయట. నిలిచిన నీళ్లలో వాటికి ఊపిరాడదు. అందుకే ఇంజను పెట్టి అడుగు నుంచి గాలి ఊదాలి. ఎండాకాలంలో ఒక పూట ఆగినా వేర్లు నల్లబడి జిగురు పట్టి కుళ్లిపోతాయి.

ఒకసారి అట్లాగే ఇంజను చెడిపోయి పంటంతా పోయింది. ఇంకోసారి ఇట్లా అయితే తోటకు తాళం వేస్తానని సారు అన్నాడు. తాళం పడితే వీడు మళ్లీ పట్నం పోతాడు. అంటే ఆ టమాటలు బతికితేనే నా కొడుకు నా ముందుంటాడు. చర్చిలో వాడి కోసం చేసే ప్రార్థనలో టమాటలను కూడా చేర్చాను. పక్కన కూర్చున్న మారెమ్మ విని మోచేత్తో పొడిచింది.

"ఏసయ్యకు కూరగాయల దుకాణం గూడ అప్పజెప్పినవా, కరుణమ్మా?"

ఒక రోజు పొద్దున బియ్యం చెరుగుతుంటే మోత ఆగిపోయింది. చేట అక్కడే పడేశాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. దారి పొడుగునా అదే ఆలోచన. ఇంజను పట్టాలో చెయ్యి పడిందేమో. పోలీసు జీపు వచ్చి ఎత్తుకుపోయిందేమో. పట్నం పోయే లారీ ఎక్కాడేమో.

వాడు తొట్టి పక్కన గొంతుక్కూర్చొని ఉన్నాడు. కమ్మరి బుచ్చయ్య తన కొలిమి తిత్తి తెచ్చి, దాని మూతికి రబ్బరు గొట్టం తొడిగి, తడి గుడ్డతో బిగిస్తున్నాడు.

"ఇంజన్ ఎందుకాగింది బిడ్డా? నీకేమన్న అయిందా?"

"నాకేమైతదే అవ్వా? ఇయ్యాల బంద్. ఊరంత ఆపితే నేనొక్కన్ని ఇంజన్ నడిపితే ఇజ్జత్ ఉంటదా?"

"మరి చెట్లు?"

"గందుకే బుచ్చయ్య మామ తిత్తి తెచ్చిండు. సప్పుడు గాకుంట ఊదుదాం."

బుచ్చయ్య పళ్లన్నీ బయటపెట్టాడు. "కొలిమి గూడ బందే గదక్కా. ఇన్నేండ్లు నిప్పులల్ల ఊదింది, ఇయ్యాల నీళ్లల్ల తానం జేస్తది. నువ్వు జర పట్టు, మేము ఆ తొట్టిల గొట్టం సర్దుతం."

గొట్టం జానెడు లోతుకే దించారు. అంతకన్నా దించితే తిత్తి గాలికి బలం చాలదట. నేను తిత్తి కట్టె పట్టుకుని గబగబా నొక్కాను. గొట్టం ఊడి నీళ్లు నా మొహం మీద పడ్డాయి.

"పగోని మీద ఊదినట్టు ఊదకక్కా," అన్నాడు బుచ్చయ్య. "పండుకున్న పసిపిల్లకు ఇసిరినట్టు ఊదాలె."

అట్లాగే ఊదాను. అన్నం కుండ ఉడుకు పట్టే ముందు తేలినట్టు సన్నని బుడగలు తేలాయి. కాసేపటికి చెయ్యి దానంతట అదే కదలసాగింది. బుచ్చయ్య అన్నం తినొస్తానని వెళ్లిపోయాడు.

అప్పుడే రోడ్డు మీద "జై తెలంగాణ!" అని కేకలు. గేటు తోసుకుని గుంపు లోపలికి వచ్చింది. తొట్లు పగలగొడతారు, వీడిని కొడతారు, అయిపోయింది అనుకున్నాను. ముందున్నవాడు కృష్ణయ్య, మా వాడితో చదువుకున్న మొయినాబాదు పిల్లవాడే.

"ఏందిరా స్వామీ, నీ తోటల బుడబుడ ఇనొస్తున్నదట. దొంగతనంగ ఇంజన్ నడుపుతున్నవా?"

వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. "సప్పుడు గాని మిషిన్ తెచ్చిండేమోనే, పట్నం సారు గద!"

భయంతో నా చెయ్యి ఆగింది. బుడగలూ ఆగాయి.

"అవ్వా, ఆపకు," అన్నాడు వాడు, నా వైపు చూడకుండానే. మళ్లీ మెల్లగా నొక్కాను.

కృష్ణయ్య నన్నూ తిత్తినీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "గిదా మిషిన్? పెద్దమ్మా, ఊరంత బంద్ జేస్తే నువ్వు జెయ్యవా?"

"నాకెన్నడు బంద్ ఉన్నదయ్యా? పొయ్యి కాడ ఉన్నదా, బాయి కాడ ఉన్నదా?"

అందరూ నవ్వారు.

"సరే, ఇంజన్ ఆపినవ్, మాట నిలబెట్టుకున్నవ్," అన్నాడు కృష్ణయ్య మా వాడితో. "ఇగ నడువ్. చేవెళ్లల మీటింగ్ ఉన్నది, లారీ నిలబడ్డది."

"తొట్లను ఇడిసి ఎట్లొస్తరా..." అని వాడు మొదలుపెట్టాడు. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో వాడి చూపు నా చెయ్యి మీద పడింది. ఎంత బుద్ధిగా ఆడుతోందో పాడు చెయ్యి! వాడి మొహం విప్పారింది.

"అవ్వ పట్టింది గద. ఇగ నాకు ఫికర్ లేదు."

తిత్తి వదిలి వాడి చొక్కా పట్టుకోవచ్చు. వదిలితే వేర్లు పోతాయి, తోట పోతుంది, వీడు పట్నం పోతాడు. వదలకపోతే ఇప్పుడే చేవెళ్ల పోతాడు. నోరొక్కటే ఖాళీగా ఉంది.

"పోలీసులొస్తరు బిడ్డా!"

"చేవెళ్లే గదనే, చంద్రమండలం కాదు!" అని వాడు గేటు దాటాడు.

ఊదుతూ కూర్చున్నాను. ఎక్కడ కుక్క మొరిగినా లాఠీలే అనుకున్నాను. మధ్యాహ్నం మారెమ్మ జొన్నరొట్టె తెచ్చి పెట్టింది. ఊరికే పెట్టకుండా, "చేవెళ్ల దిక్కు జీపులు పోయినయటనే" అంది.

"నువ్వు జర తిత్తి పట్టవే, రోడ్డు దాక పోయొస్త."

పట్టింది. రెండుసార్లు నొక్కేసరికి గొట్టం ఊడి నీళ్లు తుళ్లాయి. "నాతోని గాదు తల్లీ, గిది నీకే మాట ఇంటది," అని పైట తుడుచుకుంటూ వెళ్లిపోయింది. బుచ్చయ్య తిరిగి రాలేదు, మళ్లీ నేనే. రొట్టె పక్కనే ఎండిపోయింది.

పొద్దు వాలే వేళకు వాడు వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము, గొంతు బొంగురు. ఒక కాలికి చెప్పు లేదు.

"చెప్పేదిరా?"

"ఉరుకుతుంటే తెగింది."

"ఎందుకురికినవ్?"

వాడు తొట్టి దగ్గరికి నడిచాడు. చెక్క ఎత్తి ఒక వేరును అరచేతిలోకి తీసుకున్నాడు. "అవ్వా, సూడు, దారం లెక్క తెల్లగున్నయి!" వాడు వేరును చూస్తున్నాడు. నేను వాడి పాదం చూస్తున్నాను. బొటనవేలి దగ్గర రక్తం ఎండి ఉంది.

మళ్లీ బంద్ అని చాటింపు వేసిన పొద్దున నేను మోచేతికి ఆముదం రాసి గుడ్డ కట్టుకున్నాను.

"చెయ్యి లేస్తలేదురా. అన్నం ముద్ద గూడ ఎత్తరాదు."

వాడు తానే తిత్తి ముందు కూర్చున్నాడు. లారీ వచ్చి, పిలిచి, వెళ్లిపోయింది. నేను తోటలోనే చాప పరిచి మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో మేక, నేరుగా మిరపకాయల మీదికి. నా చెయ్యి రాయి తీసి గిరవాటేసింది. మేక గోడ దూకి పోయింది.

తిరిగి చూస్తే వాడు చూస్తున్నాడు.

"చెయ్యి మంచిగనే లేస్తున్నది గదనే అవ్వా."

నేను గుడ్డ ముడి సర్దుకున్నాను. వాడు మళ్లీ తిత్తి నొక్కాడు. "సరే, ఇయ్యాల పోనులే. గని ఈ నొప్పి జల్ది తగ్గాలె."

బందులు ఇంకా అవుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆముదం రాస్తున్నాను. గుడ్డ ఇంకా విప్పలేదు.