పదహారు గడుల పెట్టె

1988 జనవరి 22, శుక్రవారం మధ్యాహ్నం సర్వర్ తన లారీని జహీరాబాద్ రైల్వే గేటు దగ్గర ఆపి రెండు అట్టపెట్టెలు దించాడు. రెండూ బొంబాయి నుంచి తెచ్చినవి. రెండింట్లోనూ దరువు వాయించే యంత్రాలు ఉన్నాయి. ఒకటి ఉంచుకోవాలి, ఒకటి వెనక్కి ఇచ్చేయాలి. దుకాణదారు సర్వర్‌ను ఎరిగినవాడు కాబట్టి ఆ షరతు మీద ఇచ్చాడు. లారీ మళ్లీ బొంబాయి పోయేది 31వ తేదీ ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు. ఆ లోపల సదాశివ తేల్చుకోవాలి.

సదాశివ మార్కెట్ యార్డులో గుమస్తా. సాయంత్రాలూ సెలవు దినాలూ ఆర్కెస్ట్రా నడుపుతాడు. కీబోర్డు అతనిదే. గిటారు మాణిక్‌ది. పాడేది మనోరమ. ఆమె బాలికల బడిలో ఇంగ్లీషు టీచరు. ఢోలక్ పదకొండేళ్లుగా జలాల్‌ది. సర్వర్ జలాల్‌కు బావమరిది.

కిందటి ఆగస్టులో జలాల్‌కు లక్వా కొట్టి కుడిపక్క పడిపోయింది. కాలు నెల రోజుల్లో తిరిగి వచ్చింది. కుడిచేయి రాలేదు. దాని వేళ్లు మడిచినవి మడిచినట్టే ఉండిపోయాయి. ఆ తర్వాత బీదర్ నుంచి ఒక ఢోలక్ మనిషిని పిలిపిస్తూ వచ్చారు. అతను ఒకసారి వచ్చి రెండుసార్లు ఎగ్గొట్టేవాడు. రాయికోడ్‌లో ఢోలక్ లేకుండా మొదలుపెడితే పెళ్లివారు నాలుగో పాటకు మైకు ఆపించేశారు. ఫిబ్రవరి 26న న్యాల్‌కల్‌లో ఒక పెళ్లి విందు ఉంది. ఈసారి బీదర్ మనిషి మీద ఆధారపడకూడదని సదాశివ అనుకున్నాడు.

సదాశివ ఇంటి ముందుగదిలో పెట్టెలు విప్పారు. మొదటి యంత్రంలో పదహారు దరువులు తయారుగా ఉన్నాయి. మాణిక్ ఒక బటను నొక్కాడు. పక్కన పిండిగిర్నీలో ఉన్నవాళ్లు చేతులు దులుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రెండో బటను నొక్కితే ఇంకో దరువు. చక్రం తిప్పితే వేగం పెరిగింది, తగ్గింది. పదహారూ విన్నాక ఒకతను మొదటిది మళ్లీ పెట్టమన్నాడు.

రెండో యంత్రం బటను నొక్కితే పదహారు గడుల మీద ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరాయి. శబ్దం లేదు.

ఇది చెడిపోయిందా అని మాణిక్ అడిగాడు. మనోరమ పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి చదివింది. చెడిపోలేదు, ఇందులో ఏమీ లేదు, ఏ గడిలో ఏ దెబ్బ పడాలో మనమే నింపాలి, నింపినది అది గుర్తుంచుకుంటుంది అని చెప్పింది.

జలాల్ తలుపు పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి. లక్వా వచ్చినప్పటి నుంచీ ఆ వేళ్లు ఊరుకోవడం లేదు. బల్ల దొరికితే బల్ల మీద, గిన్నె దొరికితే గిన్నె మీద ఆడుతూనే ఉంటాయి.

"దుల్హాభాయ్," అన్నాడు సర్వర్ బావతో, మొదటి యంత్రం మీద చెయ్యి వేసి. "గీ డబ్బ చాయ్ అడగది, బీడీ అడగది. మీకన్న మంచిది."

అందరూ నవ్వారు. జలాల్ కూడా నవ్వాడు. వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

మొదటిది ఉంచుకుంటే జలాల్‌తో పని లేదు. రెండోది ఉంచుకుంటే దాన్ని నింపేవాడు కావాలి. ఏమి నింపాలో తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే. ఈ సంగతి అందరికీ అర్థమైంది.

సదాశివ ఆ సాయంత్రమే మొదటిదని నిర్ణయించుకున్నాడు. ఆ మాట జలాల్‌తో చెప్పడానికి రెండుసార్లు వాళ్ల వీధి దాకా వెళ్లి, రెండుసార్లూ మలుపు దగ్గర నుంచి తిరిగి వచ్చాడు.

శనివారం మొదటి యంత్రంతో సాధన చేశారు. మనోరమ పాట ఎత్తుకుంది. మొదటి చరణం గడిచింది. రెండో చరణం చివర గొంతు సన్నబడింది. మూడో చరణం మధ్యలో దగ్గు వచ్చి ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టారు. అక్కడికే వచ్చి మళ్లీ ఆగింది. వేగం తగ్గించి చూశారు. అదే జరిగింది. రెండు రోజుల్లో అలవాటు అవుతుందని మాణిక్ అన్నాడు.

మనోరమ కుర్చీలో కూర్చుని నీళ్లు తాగింది. జలాల్ వైపు చూసింది.

"పదకొండేండ్ల సంది నేను ఊపిరి యాడ తీసుకుంటున్ననో నాకే ఎరుక లేదు," అంది. "ఇయ్యాల ఎరుకైంది."

జలాల్ దరువులో ప్రతి నాలుగో చుట్టు చివర కొన్ని దెబ్బలు వదిలేసేవాడు. ఆ ఖాళీలో మనోరమ ఊపిరి తీసుకునేది. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొదటి యంత్రం దెబ్బ వదలదు.

సోమవారం పది గంటలకు జలాల్ మార్కెట్ యార్డు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సదాశివ కాంటా దగ్గర నుంచి వచ్చాడు.

"గా ఖాళీ డబ్బ నాకియ్యి. ఐతారం దాక," అన్నాడు జలాల్.

"ఒక్క చెయ్యితోని ఏం జేస్తవ్ భాయ్?"

"అది ఒక్క వేలుతోని నింపేటిది. టీచరమ్మ చదివింది, నువ్వు ఇన్లేదా?"

"ఐతారం నాటికి మంచిగ రాకపోతే?"

"నేనే సర్వర్ లారీల పెట్టొస్త. నువ్వు నాకేం చెప్పే పని లేదు. గల్లీ మూల దాక వచ్చి వాపస్ పోయే పని గూడ లేదు."

సదాశివ తల వంచుకున్నాడు. అప్పుడే ఇంటికి వెళ్లి పెట్టె తెచ్చి ఇచ్చాడు.

జలాల్ ఇల్లు ఈద్‌గా దారిలో ఉంది. మనోరమ బడి వదిలాక నాలుగున్నరకు వచ్చి ఆరున్నర దాకా ఉండేది. రోజుకు నాలుగైదు పేజీలు చదివి తెలుగులో చెప్పేది. జలాల్‌కు ఇంగ్లీషు రాదు. పదహారు గడులంటే మాత్రం తాళంలో పదహారు మాత్రలే కదా అన్నాడు. బటన్ల మీద జిగురు పట్టీ ముక్కలు అంటించి ఉర్దూలో పేర్లు రాసుకున్నాడు. అన్నింటికన్నా కింది శబ్దం ఢోలక్ ఎడమ ముఖానికి, కర్ర మీద కొట్టినట్టుండే శబ్దం కుడి ముఖానికి పెట్టుకున్నాడు. అరచేయి జరిపితే వచ్చే మూలుగు అందులో లేదు. దాని కోసం ఒక రోజంతా వెతికి వదిలేశాడు.

ఒకచోట కూర్చోలేదు. దరువు నడుస్తుండగా లేచి వీధి తలుపు దాకా పోయేవాడు. అక్కడ నిలబడి వినేవాడు. తిరిగి వచ్చి ఒక గడి మార్చేవాడు. మళ్లీ తలుపు దాకా పోయేవాడు. అతని భార్య గౌహర్ బేగం ఒక పూట లెక్కపెట్టింది. పదిహేడుసార్లు. ఆ తలుపు దగ్గరే మంచం వేయనా అని ఉర్దూలో అడిగింది.

బుధవారం మనోరమ పాడుతుంటే ఊపిరి చోటు రెండు గడులు ముందు పడుతోందని తేలింది. జలాల్ మూడు రోజుల పని చెరిపేశాడు. ఒకే చరణం ఆమెతో ఎనిమిదిసార్లు పాడించాడు. ఎనిమిదోసారి ఆమె పాట మీద కాక అతని మోకాలి మీది వేళ్ల మీద దృష్టి పెట్టింది. అవి ఆగినచోట ఊపిరి తీసుకుంది. అతను ఆ గడులు వదిలి మిగతావి నింపాడు.

శనివారం సాయంత్రానికి పద్నాలుగు దరువులు అయ్యాయి. ప్రతిదాంట్లో నాలుగో చుట్టు చివర ఖాళీ ఉంది. మనోరమ పద్నాలుగూ పాడి చూసింది. ఎక్కడా దగ్గలేదు. పుస్తకంలో ముప్పై రెండు పేజీలున్నాయి. ఆమె ఇరవై ఆరు దాకా చదివింది. మిగిలినవి సెల్లుల గురించి. సెల్లులు వేయడం ఎవరికి తెలియదని పుస్తకం మూసింది.

యంత్రం నడిచేది కరెంటుతో. వెనుక మూత కింద నాలుగు సెల్లులు కూడా ఉంటాయి. వారం రోజులూ జలాల్ వైరు తీయలేదు. ఏ పూట ఏ గడి మార్చాలనిపిస్తుందో అని అలాగే ఉంచాడు. పని అయిపోయింది కాబట్టి ఆ సాయంత్రం వైరు పీకి, యంత్రానికి శాలువా చుట్టి గూట్లో పెట్టాడు.

ఆదివారం పొద్దున గౌహర్ బేగం గూడు తుడిచింది. యంత్రం మూత తీసి సెల్లులు బయటికి తీసింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లోనూ వాడనప్పుడు సెల్లులు లోపల ఉంచరు. ఉంచితే కారతాయి, స్ప్రింగులు చిలుము పడతాయి. తీసి ఎండలో పెడితే ఇంకో వారం పనిచేస్తాయి. ఆమె రేడియో సెల్లులు, టార్చి సెల్లులు, ఈ నాలుగూ కలిపి మిద్దె గోడ మీద వరసగా పేర్చింది.

పది గంటలకు జలాల్ ఎండ కోసం మిద్దె ఎక్కాడు. గోడ మీద సెల్లులు చూశాడు. ఒకవైపే ఎండ తగులుతోందని ఒక్కొక్కటి వేలుతో దొర్లించి రెండోవైపు తిప్పాడు.

మూడు గంటలకు గౌహర్ బేగం నాలుగు సెల్లులూ తిరిగి వేసింది. ఏది ఎటు ఉండాలో మూత లోపలి బొమ్మ చూసి వేసింది. మూత తుడిచింది.

నాలుగున్నరకు సదాశివ ముందుగదిలో వైరు తగిలించారు. జలాల్ బటను నొక్కాడు. దీపాలు పదహారు గడుల మీదా వెలుగుతూ ఆరుతూ పోయాయి. శబ్దం లేదు. రెండో దరువు పెట్టాడు. శబ్దం లేదు. పద్నాలుగూ చూశాడు.

మాణిక్ గిటారు దించాడు. మనోరమ పుస్తకం తీసి మూసిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. ఒకసారి తనలో చదువుకుని, తర్వాత తెలుగులో చెప్పింది. వైరు తీసి ఉన్నప్పుడు సెల్లులు బయటికి తీస్తే నింపినదంతా పోతుంది.

"సెల్లులు ఎవ్వలు తీసిన్రు?" అని సదాశివ అడిగాడు.

జలాల్‌కు మిద్దె గోడ గుర్తొచ్చింది. దొర్లించిన వేలు వైపు చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు.

గోడ గడియారంలో ఐదు పది అయింది. సర్వర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సదాశివ కొంతసేపు కీబోర్డు వైరు చుట్టాడు, విప్పాడు. చివరికి, ఇందులో ఎవరి తప్పూ లేదని, పెళ్లి దగ్గర పడుతోందని, ఈసారికి మొదటిదే ఉంచుదామని చెప్పాడు. చెబుతున్నంతసేపూ మాణిక్ వైపే చూశాడు. మాణిక్ ఖాళీ యంత్రాన్ని పెట్టెలో సర్దడానికి వంగాడు.

"జర ఆగు," అన్నాడు జలాల్.

యంత్రాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. పడిపోకుండా మడతపడిన కుడిచేతిని దాని అంచుకు ఆనించాడు. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్క బటను మీద పెట్టాడు. దరువు నింపేటప్పుడు ఏ శబ్దం ఏదో చూసుకోవడానికి బటను నొక్కితే ఆ ఒక్క దెబ్బ పలుకుతుంది. అతను ఆ దెబ్బలే వాయించాడు. చూపుడువేలు కింది శబ్దం, మిగతావి పై శబ్దాలు. ఒక చుట్టు తడబడింది. రెండోది నిలబడింది.

"పాడున్రి టీచరమ్మా."

మనోరమ కూర్చునే పాడింది. నాలుగో చుట్టు చివర అతని వేళ్లు లేచాయి. ఆమె ఊపిరి తీసుకుంది. మాణిక్ గిటారు మళ్లీ ఎత్తుకున్నాడు. మూడు పాటలు అయ్యాయి. నాలుగో పాటలో ఉంగరపు వేలు జారింది. ఐదో పాట రెండో చరణంలో ముంజేయి పట్టేసింది. జలాల్ ఆపి చెయ్యి విదిలించాడు.

"గంతే. ఇంతకన్న ఎక్కువ ఆగది."

"మళ్ల నింపాల్నంటే ఎన్ని దినాలు?" అని సదాశివ అడిగాడు.

"మొదాలు ఆరు దినాలు పట్టింది. ఇప్పుడు ఏ గడిల ఏమున్నదో నాకెరుక. మూడు దినాలు."

సదాశివ లేచి మొదటి యంత్రం బటను నొక్కాడు. అది మొదలైంది. నాలుగు చుట్లు విన్నాడు. ఐదోది, ఆరోది కూడా విన్నాడు. ఆపేసి, వైరు చుట్టి, తనే పెట్టెలో పెట్టి, పురికొస కట్టి సర్వర్ చేతికి ఇచ్చాడు.

"మళ్ల చాయ్, బీడీ మొదలా దుల్హాభాయ్?" అన్నాడు సర్వర్. ఆరు గంటలకు లారీ పోయింది.

మూడు రోజులన్నది ఐదు రోజులు పట్టింది. సెల్లులు తీస్తే నింపినది పోతుందని మనోరమ చెప్పాక, జరిగినదాంట్లో తన చెయ్యి ఉందని గౌహర్ బేగంకు తెలిసింది. కొత్త సెల్లులు నాలుగు తెప్పించింది. వేశాక మూత మీద పట్టీ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించి, ముట్టవద్దని ఉర్దూలో రాసింది.

ఫిబ్రవరి 26న జీపులో న్యాల్‌కల్ వెళ్లారు. యంత్రాన్ని వెనుక సామాన్లతో పెట్టమని సదాశివ అన్నాడు. జలాల్ వినలేదు. ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు పట్టీ మీద ఆనించి కూర్చున్నాడు. రోడ్డు గుంత వచ్చినప్పుడల్లా వేలు నొక్కేవాడు. దారిలో చాయ్ కోసం ఆపితే దిగలేదు. గ్లాసు పట్టుకోవాలంటే ఆ వేలు తీయాలి. చల్లారుతుందని మాణిక్ రెండుసార్లు చెప్పాడు. చల్లారనీ అన్నాడు.

పందిట్లో వైరు తగిలించాకే వేలు తీశాడు. మొదటి దరువు పెట్టాడు. మోగింది. నాలుగో చుట్టు చివర ఆగింది. మైకు ముందు మనోరమ ఊపిరి తీసుకుంది. మోకాలి మీద జలాల్ వేళ్లు అప్పటికే తర్వాతి చుట్టు మొదలుపెట్టాయి.