కూచునే పని

మధ్యాహ్నం పత్తి బండ్లు వచ్చే వేళకు సలోమికి ఊపిరి సగంలోనే ఆగిపోవడం మొదలైంది. పీల్చిన గాలి గొంతు దాటి కిందికి దిగడం లేదు. చేతిలో దూదిని అట్లాగే పట్టుకొని, వీపు గోడకు ఆనించి, నోరు తెరుచుకొని కూచుంది. పొద్దున పనిలోకి వచ్చినప్పుడు ఈ ఆయాసం లేదు. ఈస్టరుకు ఆళ్లగడ్డ దగ్గర ఉన్న పుట్టింటికి పోయినప్పుడు, మొదటి రెండు రోజులు తప్ప ఆ వారమంతా లేదు. నిన్న ఆదివారం సాయంత్రం నంద్యాల బస్టాండులో దిగి, మూట నెత్తిన పెట్టుకొని తమ పేట దాకా నడిచి వచ్చింది. దారిలో ఎక్కడా ఆగలేదు.

ఆమె కూచున్నది పత్తి మిల్లులో దూది గది. అవతల యంత్రాలు పత్తిలోంచి గింజను వేరు చేస్తే, దూది గొట్టంలోంచి ఎగిరొచ్చి ఈ గదిలో పడుతుంది. ఆడవాళ్లు చుట్టూ కూచొని అందులోని ఆకు ముక్కలూ పుల్లలూ ఏరాలి. కిటికీలకు గోనెపట్టాలు కొట్టేశారు. తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. గాలి తగిలితే దూది ఎగిరిపోతుంది, ఎగిరిపోయిన దూదికి మేస్త్రీ మిల్లు సావుకారు దగ్గర జవాబు చెప్పుకోవాలి. ఆడవాళ్ల ముక్కుల్లోంచి లోపలికి పోయిన దూదికి మాత్రం ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

అయినా ఆ గదిలో చోటు అందరికీ దొరకదు. బయట నెత్తిన పత్తి గంపలు మోసేవాళ్లకు రోజుకు ఐదు రూపాయలు, ఇక్కడ ఏరేవాళ్లకు నాలుగున్నర. ఆ అర్ధరూపాయికి ఎవరూ బాధపడరు. ఇది నీడపట్టున కూచొని చేసే పని. కడుపుతో ఉన్నవాళ్లకూ, గంప ఎత్తలేని ముసలివాళ్లకూ ఈ చోటు ఇవ్వడం ఆ మిల్లులో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఆడవాళ్లు ఈ గదిని పుట్టిల్లని ముద్దుగా పిలుచుకుంటారు.

సలోమికి నెల తప్పిందని తెలిసిన మర్నాడే ఆమె అత్త సువార్తమ్మ కోడిపెట్టను చంకన పెట్టుకొని మేస్త్రీ తిరుపాలు ఇంటికి పోయింది. అంతకు ముందు పెద్దకోడలు జయమ్మ కడుపుతో ఉన్నప్పుడూ అట్లాగే పోయింది. తిరుపాలు చెడ్డవాడు కాదు. రెండుసార్లూ కోడిని తీసుకున్నాడు, రెండుసార్లూ చోటు ఇచ్చాడు. జయమ్మ ఎనిమిదో నెలలో చచ్చిపోయింది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆమె మొగుడు మళ్లీ పెళ్లి చేసుకొని బేతంచెర్లకు, నాపరాళ్ల పనికి పోయాడు. ఇదంతా ఎమర్జెన్సీ రోజుల్లో జరిగింది. ఎమర్జెన్సీ పోయి రెండేళ్లయింది, జయమ్మ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

సలోమికి ఆయాసం మొదలైన నాడు సువార్తమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. తొలి నెలల్లోనే ఊపిరి ఎగబోస్తే కడుపులో మగబిడ్డ ఉన్నట్టేనని ఆమె గట్టి నమ్మకం. లోపలున్నవాడు తల్లి ఊపిరి కూడా తానే తీసుకుంటున్నాడని చెప్పి ఇరుగుపొరుగుకు బెల్లం ముక్కలు పంచింది. జయమ్మకు పుట్టింది మగబిడ్డే గదా అని కూడా ఎవరో అన్నారు. అంత బతుకులో ఆ ఒక్క మాటే నిజమైనట్టు సువార్తమ్మ తల ఊపింది.

ఆసుపత్రికి కూడా తీసుకుపోయింది. అక్కడి నర్సమ్మ మంచిదే. కొత్తగా కడుపుతో ఉన్నవాళ్లకు కొంచెం ఆయాసం వస్తుంది, భయం లేదు, మరీ ఎక్కువైతే మాత్రం మళ్లీ రమ్మని చెప్పి నెత్తురు పట్టే మాత్రలు ఇచ్చింది. బరువులు మోయించొద్దని హెచ్చరించింది. సువార్తమ్మ గర్వంగా, కోడలిది కూచునే పని అని చెప్పింది. అయితే మరీ మంచిదని నర్సమ్మ అంది. ఎక్కడ కూచుంటుందని ఆమె అడగలేదు, వీళ్లు చెప్పలేదు.

గదిలో సలోమి ఎదురుగా ముసలి కమలమ్మ కూచొని ఉంది. ఆమెకూ ఆయాసమే. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. పక్కనున్న ఆడమనిషి ఇద్దరినీ చూసి నవ్వుతూ, సలోమికి మొగపిల్లోడైతే కమలమ్మవ్వకు కవలలు అంది. అందరూ నవ్వారు. మొగుడు పోయి పాతికేళ్లయిన కమలమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. చివరికి కొంగుతో నోరు తుడుచుకుంటే కొంగుకు తడి దూది అంటుకుంది.

ఈస్టరుకు ముందు ఈ వేళాకోళం విని సలోమి కూడా పగలబడి నవ్వింది. ఇవాళ నవ్వు రాలేదు. ముసలామె భుజాలు ఎట్లా లేస్తున్నాయో తన భుజాలూ అట్లాగే లేస్తున్నాయి. ఆమె కడుపులో ఎవరున్నారు? ఆ ఆలోచన వచ్చాక సలోమి ముసలామె వైపు జరిగింది.

"అవ్వా, నీకెప్పుట్నుంచి ఈ ఆయాసం?" అని అడిగింది.

"ఈ గదిలోకొచ్చినప్పుట్నుంచి పాపా. ముసలితనం గదా." కమలమ్మ కాసేపు ఊపిరి కోసం ఆగింది. "ఆదివారం ఇంటికాడ ఉంటే మాపటేళకు బాగుంటాది. సోమవారం మళ్లా పట్టుకుంటాది."

సలోమికి ఆళ్లగడ్డలో గడిపిన వారం కళ్లముందు కనిపించింది. మొదటి రెండు రోజులు కొంచెం ఎగపోసింది. తర్వాత నూతి నుంచి బిందెలు మోసింది, వదిన బిడ్డను చంకనేసుకొని చేను దాకా పోయి వచ్చింది. ఈస్టరు తెల్లవారుజామున గుడిలో అందరికంటే గట్టిగా పాడింది. ప్రార్థన ఫలించిందని తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. ఆయాసం పోయిందంటే లోపలున్నది ఆడపిల్లేమోనని వదిన మాత్రం ఎగతాళి చేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సలోమి రెండు చోట్ల ఆగి నిలబడాల్సి వచ్చింది. గుడిసెలోకి వచ్చి గోడకు ఆనుకొని కూలబడింది. తల ఆనిన చోట గోడమీద నల్లటి మరక ఉంది. చివరి రోజుల్లో జయమ్మ పడుకుంటే ఊపిరి ఆడక, ఆ గోడకు ఆనుకొని కూచునే నిద్రపోయేది. ఆమె తలనూనె మరక అది. ప్రతి క్రిస్మసుకూ సువార్తమ్మ సున్నం కొడుతుంది. కొన్నాళ్లకు మరక మళ్లీ పైకి వస్తుంది.

కోడలి ఆయాసం చూసి సువార్తమ్మ మొహం విప్పారింది. మళ్లీ వచ్చిందా అని సంబరంగా అడిగింది. పొయ్యి ముందు కూచొని జొన్నరొట్టె తడుతోంది. సలోమి మొగుడు పౌలు వాకిట్లో కూచొని దగ్గుతున్నాడు. అతనిది అదే మిల్లులో ప్రెస్సు దగ్గర, దూదిని నొక్కి బేళ్లుగా కట్టే పని.

"అత్తా, కడుపులో బిడ్డకు ఆదివారం సెలవుంటాదా?" అంది సలోమి.

"ఏందిమే ఆ మాట?"

"ఆళ్లగడ్డలో ఆయాసం లేకపాయె. ఈడ గదిలో కూచున్న పూటకే వచ్చె. బిడ్డ వల్ల అయితే, ఆడికి గూడా నాతోనే వచ్చినాడు గదా."

"పుట్టింట్లో ఎవరికైనా బాగనే ఉంటాది. జయమ్మ గూడా క్రిస్మసుకు పోయి బాగై వచ్చె. వచ్చిన మర్నాడే మళ్లా..."

సువార్తమ్మ అక్కడ ఆగిపోయింది. చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చినా తిప్పలేదు. పౌలు లేచి వచ్చి రొట్టెను తీసి పక్కన పెట్టి, మేస్త్రీతో పేచీ పెట్టుకుంటే ఇద్దరి పనీ పోతుందని నెమ్మదిగా అన్నాడు. అంతకంటే మాట్లాడే ధైర్యం అతనికి లేదు.

ఒక్కసారిగా సువార్తమ్మకు కోపం వచ్చింది. "నేను కాళ్లు పట్టుకోని ఇప్పిచ్చిన చోటు అది. ఇంగ మాట్లాడొద్దు. రేపు పోయి ఆడనే కూచో."

ఆ కోపం కోడలి మీద కాదు. సలోమి మాట నిజమైతే, జయమ్మను ఆ గదిలోకి పంపింది ఎవరు? ప్రేమతో, కోడిపెట్టను లంచం ఇచ్చి మరీ పంపింది. బిడ్డలాంటి మనిషిని తన చేతులతోనే చంపుకున్నానని ఏ ఆడది ఒప్పుకుంటుంది? దానికంటే మగబిడ్డ మాటను నమ్మడం తేలిక. సలోమికి అత్తను చూస్తే జాలేసింది, భయమూ వేసింది. ఇట్లా నమ్ముతూనే తనను కూడా ఆ గోడకు ఆనిస్తుందనిపించింది.

మంగళవారం పొద్దున సలోమి దూది గది వైపు పోలేదు. పత్తి కుప్ప దగ్గర గంప తీసుకొని వరసలో నిలబడింది. తిరుపాలు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం మే, ఈడ ఉండావ్? నీ చోటు లోపల గదా."

"ఆ చోటు నాకొద్దన్నా. గంపే మోస్తా."

అతనికి నిజంగానే మనసు నొచ్చుకుంది. కడుపుతో ఉన్న దానివని దయ తలిస్తే ఇదా మర్యాద అన్నాడు. ఆ చోటు కోసం ఎంతమంది బతిమాలుతున్నారో చెప్పాడు. చెప్పడమే కాదు, గంపల వరసలోంచి ఎస్తేరును పిలిచాడు. ఎస్తేరు కిందటి ఏడు గోస్పాడు నుంచి కాపురానికి వచ్చిన పిల్ల. ఆమెకు రెండో నెల. పిలుపు విని గంప అక్కడే దించి, మొహం చేటంత చేసుకొని లోపలికి పరిగెత్తింది. తలుపు మూసుకుంది.

పొద్దంతా సలోమి గంపలు మోసింది. మెడ లాగింది, నడుము పట్టుకుపోయింది. బరువు మంచిది కాదని ఆమెకూ తెలుసు. కానీ ఊపిరి మాత్రం కడుపు దాకా దిగుతోంది. అందుకు సంతోషించే తీరిక లేకుండా చేసింది ఆ తలుపు. పోయినప్పుడల్లా దాని ముందు నుంచే పోవాలి. మొదట్లో లోపలి నుంచి ఎస్తేరు నవ్వు వినిపించింది. తర్వాత నవ్వు ఆగింది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు దగ్గు మొదలైంది. కమలమ్మ దగ్గు సలోమికి తెలుసు. ఇది కొత్త దగ్గు.

ఆ చోటును తాను వద్దనుకోగానే గది ఖాళీ కాలేదు. తన చావును తీసి ఇంకో పిల్ల చేతిలో పెట్టినట్టయింది. అత్త చేసిందానికీ తాను చేసిందానికీ తేడా ఏముంది?

నిండు గంపతో వస్తున్న సలోమి నిలబడిపోయింది. వెళ్లి తలుపును భుజంతో నెట్టింది. గంపను సరిగ్గా గడప మీద దించింది.

బయట వడగాలి వీస్తోంది. అది లోపలికి దూరి, దూదిని లేపి, తలుపులోంచి బయటికి తెచ్చింది. ఆవరణ అంతా తెల్లగా అయింది. బండ్ల మీద, ఎద్దుల కొమ్ముల మీద, కూలీల తలల మీద దూది వాలింది. గంపలు మోసేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ప్రెస్సు దగ్గర పౌలు చేతిలోని తాడు వదిలేసి చూస్తున్నాడు. తిరుపాలు పరిగెత్తుకొచ్చాడు.

"తలుపు మూయ్ మే. సావుకారు వచ్చే యాళయింది."

"మూయను."

"నా పని పోతాది సలోమీ."

"లోపల ఆ పిల్ల పోతాదన్నా."

గంపను తీయడానికి తిరుపాలు వంగాడు. సలోమి గంప మీద రెండు చేతులూ వేసి నిలబడింది. కడుపుతో ఉన్న మనిషిని నెట్టడానికి అతనికి చేతులు రాలేదు. సరిగ్గా అప్పుడే అన్నం కారియరు పట్టుకొని సువార్తమ్మ గేటులోంచి వచ్చింది. కోడలికి వేడన్నం తెచ్చిపెట్టడం ఆమెకు రోజూ అలవాటు. తిరుపాలుకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. నీ కోడలికి బుద్ధి చెప్పమని, తాను చేసిన మేలు గుర్తు చేయమని గబగబా చెప్పాడు.

అత్త ఎవరి వైపు వచ్చిందో సలోమికి తెలియలేదు. సువార్తమ్మ ఆమె మొహం చూడలేదు. గంపను దాటి గడప దాకా వచ్చి, దూది గదిలోకి చూసింది. రెండుసార్లు కోడిపెట్టను మోసుకుపోయి సంపాదించిన ఆ చోటును, తలుపు ఎప్పుడూ మూసే ఉండడంతో, ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ కళ్లతో చూడలేదు. లోపల దూది ఇంకా లేస్తూనే ఉంది. ఆడవాళ్ల కనురెప్పల మీద కూడా దూదే. మూలలో కమలమ్మ నోరు తెరుచుకొని తలుపు వైపు తిరిగి గాలి పీలుస్తోంది.

"కమలమ్మక్కా," అంది సువార్తమ్మ. "మా జయమ్మ యాడ కూచుంటాండె?"

కమలమ్మ మాట్లాడలేక చెయ్యెత్తి చూపించింది. గొట్టం కింద ఎస్తేరు కూచున్న చోటది. ఎస్తేరు ఉలిక్కిపడి లేచి నిలబడింది.

గేటు దగ్గర సావుకారు కారు హారను మోగింది. తిరుపాలు అటు పరిగెత్తాడు. సువార్తమ్మ కారియరును కింద పెట్టి, గంప పక్కనే గడపకు అడ్డంగా కూచుంది. తల మీద వాలిన దూదిని దులుపుకోలేదు.