సాక్షికి అభయం

కర్టిస్ లూమిస్ మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మైకును కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"మొదటి దెబ్బ నోటి మీద వేశాను సార్. తుపాకీ మడమతో. పళ్ళు రాలాయి. వాడప్పటికే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. చేతులెత్తినవాణ్ణి కొట్టకూడదని ట్రైనింగులో చెప్తారు. ఆ రోజు మాకొచ్చిన ఆర్డరు వేరు."

అతని వెనక వరుసలో, అతని మెడ మీద కొత్తగా కత్తిరించిన జుట్టు కనిపించేంత దగ్గరలో, బెర్నీ నొవిట్స్కీ కూర్చుని ఉంది. ఒళ్ళో తమ్ముడు టెడ్డీ ఫొటో. ఫొటో కెమెరాల వైపే ఉండాలని కాంగ్రెస్ కమిటీ వాళ్ళు పొద్దున్నే చెప్పారు. పట్టుకునీ పట్టుకునీ ఆమె మణికట్లు నొప్పెడుతున్నాయి. పళ్ళ సంగతి ఆమెకు వీళ్ళెవరూ చెప్పక్కర్లేదు. తమ ఊళ్ళో, టొలీడో మార్చురీలో దుప్పటి తీసినప్పుడు మొహం చూసి ఇతను మావాడు కాదనేసింది. ధాన్యం బెల్టులో పడి కొస తెగిన చిటికెనవేలు చూపించాక ఒప్పుకుంది.

వాషింగ్టన్‌లో ఈ హియరింగు అనేదొక తంతు. అడిగేవాళ్ళు ఎత్తున కూర్చుంటారు, చెప్పేవాడు కింద కూర్చుంటాడు. ఒక్కొక్క సభ్యుడికి ఐదేసి నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు తన గొప్ప తాను చెప్పుకుని, చివర్లో "అవునా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు" అని గద్దిస్తాడు. చెప్పబోతే టైము అయిపోతుంది. ఇలాంటివి బెర్నీ ఇదివరకు టీవీలో చూసి ఛానెల్ మార్చేసేది. ఈ రోజు మాత్రం కథ వేరు. చంపినవాడే వచ్చి కూర్చుని చంపానని చెబుతున్నాడు. గదిలో ఎవరూ దగ్గడం కూడా లేదు.

"తర్వాత?" అన్నాడు చైర్మన్ వార్డెల్. కాంగ్రెస్‌మన్ ఆంబ్రోజ్ వార్డెల్ తెల్ల జుట్టు మనిషి. గొంతు చర్చిలో పాదిరీ గొంతులా ఉంటుంది.

"పడ్డాడు. లేవబోయాడు. మోకాలి మీద తొక్కాను. విరిగింది. అప్పుడు అరిచాడు."

"ఏమని?"

"సరిగ్గా వినలేదు సార్. అక్కా అన్నాడనుకుంటా."

బెర్నీ ఫొటోను కిందికి దించేసింది. పక్కనున్న కమిటీ అమ్మాయి మెల్లిగా మోచేయి పట్టుకుని మళ్ళీ పైకి లేపింది. ఆ పిల్ల చెంప అక్కడే పగలగొట్టాలనిపించింది బెర్నీకి.

టెడ్డీ టొలీడో రేవులో ఓడలకు ధాన్యం ఎక్కించేవాడు. కిందటేడు చలికాలం రేవు వాళ్ళు సమ్మె చేశారు, ధాన్యం కదల్లేదు. ప్రెసిడెంట్ స్టాడ్లర్‌కు ఒళ్ళు మండి ముసుగుల దళాన్ని దింపాడు. గొడవ జరిగిన రోజు ఫ్యాట్ ట్యూస్‌డే. ఆ పేటలో ప్రతి పోలిష్ ఇంట్లోనూ ఆ పొద్దున పోంచ్‌కీలుంటాయి, లోపల జామ్ కూరిన లావుపాటి డోనట్లు. మర్నాటి నుంచీ ఉపవాసాలు కాబట్టి ఆ రోజు కడుపు పగిలేలా తింటారు. బెర్నీ మున్సిపాలిటీలో రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతుంది. రాత్రంతా మంచు తోసి, వస్తూ వస్తూ బేకరీ ముందు వరసలో నిలబడి, పెద్ద పెట్టె కొని తమ్ముడి చేతిలో పెట్టింది.

"సమ్మె దగ్గర అందరికీ పంచు. నువ్వే మెక్కెయ్యకు దరిద్రుడా."

"దారిలో ఒకటి మాయమవుతుందక్కా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు," అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ పెట్టె తాను ఇవ్వకపోతే వాడి చేతులు ఖాళీగా ఉండేవి. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

కొట్టినవాళ్ళందరివీ ముసుగులే. వీడియోలున్నాయి, మొహాల్లేవు. టొలీడో ప్రాసిక్యూటర్ మార్సియా టెనెంట్ ఏడాదిగా ఈ కేసు పట్టుకుని వేలాడుతోంది. ఓ రోజు బెర్నీ ఇంటికొచ్చి, వంటగదిలో స్టూలు లాక్కుని, ఉన్నమాట చెప్పింది.

"కొట్టినవాడు లూమిస్ అని నాకు తెలుసు, కోర్టుకు తెలియాలి. ఆ దళంలోనే ఒక కుర్రాడు మెత్తబడుతున్నాడు. వేసవికల్లా నోరు విప్పుతాడు. అప్పటిదాకా ఆ వాషింగ్టన్ వాళ్ళను ఆపు బెర్నీ. లూమిస్‌కు అభయమిచ్చి మాట్లాడించారంటే నా కేసు మంటగలిసినట్టే."

ఆ మర్నాడు, ఆదివారం, వార్డెల్ కూడా ఆ ఇంటికే దిగాడు. బెర్నీ చేసిన పియరోగీలు, ఉడికించిన కజ్జికాయల్లాంటివి, వద్దు వద్దంటూనే మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. అభయమివ్వాలంటే కమిటీలో ఓట్లు కావాలి. చనిపోయినవాడి ఇంటివాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఓటెయ్యబోమని సొంత పార్టీ సభ్యులే కొందరు మొండికేశారు. ఆయన వచ్చిన పని అది.

"లూమిస్ వట్టి చెయ్యి బెర్నీ గారూ. తల పైనుంది. మీకు చెయ్యి కావాలా, తల కావాలా?"

"అభయమిస్తే వీడు జైలుకు పోడా?"

"మా ముందు చెప్పింది వాడి మీద వాడకూడదు, అంతే. వేరే సాక్ష్యముంటే ఏ కోర్టయినా శిక్షించుకోవచ్చు. ఎవరొద్దన్నారు?"

అందులో అబద్ధం లేదు. నిజం సగం మాత్రమే ఉంది. బెర్నీ ఆ రాత్రి నిద్రపోలేదు. స్టాడ్లర్ టీవీలో టెడ్డీని గూండా అన్న రోజు గుర్తుకొచ్చింది. పొద్దున్నే వార్డెల్‌కు ఫోన్ చేసి తల కావాలని చెప్పింది. ఆమె మాట మీదే ఆ ఓట్లు పడ్డాయి.

ఇప్పుడు వార్డెల్ ముందుకు వంగి అసలు ప్రశ్న వేశాడు. "ఈ ఆర్డరు మీకు ఎవరిచ్చారు?"

"ప్రెసిడెంటే సార్. ఫోన్లో. నాతోనే మాట్లాడారు. 'ఒకణ్ణి అందరూ చూస్తుండగా పడగొట్టండి, మిగతావాళ్ళు తోక ముడిచి పోతారు' అన్నారు. చేతులెత్తేస్తే ఏం చెయ్యమంటారని నేనడిగాను. 'ఎత్తితే మరీ సులువు కదా' అని నవ్వారు."

గది ఒక్కసారిగా హోరెత్తింది. కెమెరాలు టపటపా కొట్టుకున్నాయి. వార్డెల్ కళ్ళు మెరిశాయి. దాచడమెందుకు, బెర్నీకి కూడా ఒళ్ళంతా వేడెక్కి ఆనందం పొంగింది. పట్టుకున్నాం, దొంగ వెధవా, పట్టుకున్నాం అనుకుంది. ఫొటో తనంతట తానే ఎత్తి పట్టుకుంది.

తర్వాత వంతు ప్రెసిడెంట్ పార్టీ సభ్యురాలు మిసెస్ హాస్కెల్‌ది. ముసుగుల దళం ధైర్యసాహసాల గురించి ఆమె తన నిమిషాలన్నీ మాట్లాడి, ఆఖర్న "అతని చేతిలో పెట్టె ఉంది. అందులో బాంబు ఉండొచ్చు కదా? అవునా, కాదా?" అంది.

"ఉండొచ్చు మేడమ్. కానీ లేదు. జామ్ డోనట్లున్నాయి. అన్నీ వాడి మీదే చితికాయి. అందుకే నాకు తెలియలేదు మేడమ్. మొహమంతా ఎర్రగా ఉంటే జామే అనుకున్నాను. ఇంకా కొట్టాను. చెయ్యి మెత్తగా లోపలికి దిగాక అర్థమైంది."

వెనకెవరో కిసుక్కుమన్నారు. భయానికి వచ్చిన నవ్వే కావచ్చు. లూమిస్ మళ్ళీ గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. వార్డెల్ సుత్తి కొట్టి కాసేపు విరామం అన్నాడు.

వరండాలో టీవీ మోగుతోంది. విమానం మెట్ల మీద స్టాడ్లర్ నిలబడి ఉన్నాడు. విలేకరులు కింది నుంచి అరుస్తున్నారు. ఇంత జరిగాక ఇతను చెమటలు పట్టి, నాలుక తడబడి, లేదు లేదంటాడని బెర్నీ ఎదురుచూసింది.

"చెప్పాను," అన్నాడు స్టాడ్లర్. "నేనే చెప్పాను. మళ్ళీ చెప్తాను. లూమిస్ మంచి కుర్రాడు. ఓడలు కదిలాయా లేదా? ఇంకేం కావాలి మీకు?" చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

బెర్నీ వార్డెల్ కోటు పట్టుకుంది. "ఒప్పుకున్నాడుగా! ఇప్పుడు తీసేస్తారా?"

"మా సభలో అభిశంసన నెగ్గుతుందండీ. సెనేట్‌లో మాత్రం మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అన్ని లేవు మనకు."

"వస్తాయా?"

"రావు."

"రావని మా ఇంటికొచ్చిన రోజు తెలుసా మీకు?"

వార్డెల్ కోటు విడిపించుకున్నాడు. "ఇదంతా రికార్డులో ఉంటుంది బెర్నీ గారూ. రేపు పిల్లలు చదువుతారు. అది చిన్న విషయం కాదు."

ఆమె జేబులో ఫోన్ మోగింది. అవతల మార్సియా టెనెంట్. ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"మా కుర్రాడు టీవీ చూశాడు బెర్నీ. అంతా చూశాడు. ఇప్పుడు వాడేం చెప్పినా, లూమిస్ మాట విన్నాకే చెప్పాడంటారు, అభయం కింద అదీ చెల్లదంటారు. నా దగ్గరున్న మిగతావాళ్ళూ చూశారు. దేశమంతా చూసింది. నాకిక సాక్షి లేడు. లూమిస్ ఇంటికెళ్ళిపోతాడు."

బెర్నీ ఫోన్ పెట్టేసింది. చెయ్యీ పోయింది, తలా పోయింది. రెండూ పోగొట్టింది తన నోటి మాటే. వరండాలో జనం శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఆమె ఎవరో లూమిస్‌కు తెలియదు కాబోలు, లాయరుతో కబుర్లు చెప్పుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్ళాడు. రాసుకుంటూ పోయి "సారీ మేడమ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆమె అతని వెనకాలే గదిలోకి నడిచింది. ఎవరూ ఆపలేదు. ఫొటో పట్టుకున్న అక్కను ఎవరు ఆపుతారు? విరామం అయిపోయి సభ్యులు పైన సర్దుకుంటున్నారు. లూమిస్ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. బెర్నీ ఫొటోను తన కుర్చీలో, కెమెరాల వైపే తిప్పి పెట్టింది. బల్ల దగ్గరికెళ్ళి మైకును ఎత్తింది. దాని అడుగున ఇనుప దిమ్మ ఉంది, మంచి బరువుంది.

మొదటి దెబ్బ నోటి మీదే వేసింది. మైకు ఆన్‌లోనే ఉండటంతో పళ్ళు విరిగిన చప్పుడు గదిలోని స్పీకర్లన్నిట్లోంచీ వినబడింది. లూమిస్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆమె అతని రొమ్ము మీద మోకాలు వేసి మళ్ళీ కొట్టింది. చెంప ఎముక లోపలికి పోయింది. అతను రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తిన ఆ చేతుల మధ్యలోంచే మూడోసారి కొట్టింది, ఎడమ కన్ను మీద. "ఇది జామా?" అని అరిచింది. "చూసి చెప్పరా, ఇది జామా?" ఆ అరుపు కూడా దేశమంతటికీ చేరింది.

పోలీసులు నలుగురు మీద పడ్డారు. ఒకడి లాఠీకి ఆమె ముంజేయి విరిగింది, ఒకడి బూటు ఆమె మొహాన్ని తివాచీకి అదిమింది. నేల మీంచి ఆమెకు రెండే కనిపించాయి. రక్తం తాగుతున్న నీలం తివాచీ, పైన వార్డెల్ ఊరికే కొట్టుకుంటున్న సుత్తి. ఆ ఏడాదంతా ఈ గొడవలో ఎవరి చేతికైనా సంకెళ్ళు పడ్డాయంటే అది బెర్నీకే, అదీ విరిగిన చేతికి.

వార్డెల్ జైలుకు వచ్చేసరికి చెట్లు చిగిర్చాయి. సెనేట్ ఓట్లు ఆయన చెప్పినట్టే తక్కువపడ్డాయి. స్టాడ్లర్ ఆస్పత్రికెళ్ళి లూమిస్ గుండె మీద పతకం గుచ్చి, కట్టు కట్టిన కన్ను పక్కన నిలబడి ఫొటో దిగాడు. బెర్నీ కట్టు వేసిన చేతిని బల్ల మీద పెట్టుకుని అవన్నీ వింది.

"మిమ్మల్నిలా చూస్తే కడుపు తరుక్కుపోతోందండీ," అన్నాడు వార్డెల్. నిజంగానే కళ్ళు తడిగా ఉన్నాయి. "మేమింకో హియరింగు పెడుతున్నాం. మీరు రావాలి. సాక్షిగా. ఇంటివాళ్ళకు జరిగిన అన్యాయం, మీరెందుకు అంత పని చెయ్యాల్సొచ్చింది, అన్నీ మీ నోటితో చెబితే దేశం కదిలిపోతుంది."

"నేను కొట్టానని కూడా చెప్పాలా?"

"అదే ముఖ్యం. ఉన్నదున్నట్టు."

"సరే, చెప్తాను," అంది బెర్నీ. "నాకు అభయమిస్తారా?"

వార్డెల్ కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ పాదిరీ గొంతు బాగా తగ్గింది.

"కుదరదండీ. అభయమిచ్చేది పైవాణ్ణి పట్టివ్వడానికి. మీరెవర్ని పట్టిస్తారు? మీకెవరూ ఆర్డరివ్వలేదు కదా."