కన్సెంట్ అంటే కాగితం కాదు

"ఒకటో తారీఖు నుంచి మా ఆవిడ ఉద్యోగం మానేస్తోందక్కా. అమ్మని తనే చూసుకుంటుంది" అని ఆయన ఫోనులో చెబుతున్నాడు. ఆ మానేసే మనిషి పక్కగదిలో అత్తగారి దుప్పటి మారుస్తూ, ఆ సంగతి అప్పుడే విన్నది. "పోనీలే, మంచి నిర్ణయం తీసుకుంది" అని ఆడబిడ్డ మెచ్చుకోవడం కూడా స్పీకర్‌లో వినబడింది. తీసుకుందట! ఆసుపత్రిలో ఆయాగా పదిహేడేళ్ళ కొలువు. ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని డ్యూటీకి పోయింది.

బడి మధ్యలో మానేసినవాళ్ళకి ఇంగ్లీషు మాటలు సామాన్లలాగే చేతికొస్తాయి. స్ట్రెచర్ తొయ్యాలి, సెలైన్ మొయ్యాలి, కన్సెంట్ మీద సంతకం పెట్టించుకు రావాలి. అది ఆ పచ్చ కాగితం పేరనే ఇన్నేళ్ళూ అనుకుంది. ఆపరేషన్ ఆడమనిషికైతే, వరండాలో మొగుడెక్కడున్నాడో వెతికి గీయించుకొస్తే సరి. ఆ రోజూ అలాగే తెచ్చింది.

కొత్త డాక్టరమ్మ కాగితం చూసి తలెత్తింది. "ఇది ఆయన సంతకం. కడుపు ఎవరిది కోస్తున్నాం?"

"ఆమెదేనమ్మా. ఎప్పుడూ వాళ్ళాయనలే పెడతారు కదండీ."

"కన్సెంట్ అంటే కాగితం కాదు ఆయమ్మా. అన్నీ విని, అర్థం చేసుకుని, ఆమె సరే అనడం. అనకపోతే నేను కత్తి పట్టుకోకూడదు."

"సరే అని, బల్లెక్కాక వద్దంటే?"

"వద్దంటే వద్దే. దింపేస్తాం."

ఆమె పాత కాగితం మడిచి, కొత్తది అందుకుంది. ఇంత పెద్ద ఆసుపత్రీ, ఇన్ని మిషన్లూ, ఇంత చదివిన చేతులూ మంచం మీది బక్కమనిషి నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం ఆగాలా! రెండో కాన్పుకి, ఇల్లు మారినప్పుడు, తన ఏటీఎం కార్డు ఆయన జేబులోకి పోయినప్పుడు ఆ మాట తననెవరైనా అడిగారా అని వెతుక్కుంది. "దానిదేముంది, సరే అంటుంది" అనేది ఆయన ఊతపదం. సరే తనదట, చెప్పేది ఆయనట.

కొత్త కాగితం పట్టుకుని వార్డుకెళ్ళి, డాక్టరమ్మ విడమరిచి చెప్పాక, "నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగింది. పేషెంటు వెనక్కి తిరిగి చూసి, "నన్నేనా?" అంది.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన ఒక కాగితం ముందు పెట్టాడు. "రాజీనామా రాయించాను. సంతకం పెట్టు."

"నన్ను అడగలేదుగా."

"ఇందులో అడిగేదేముందే?"

"ఉంది. అడగండి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "అదేదో అడిగి చావరా" అని మంచం మీంచి అత్తగారు విసుక్కుంది.

"సరే తల్లీ! ఉద్యోగం మానేస్తావా?"

 తన జవాబు కోసం ఆ మగవాడు పెన్ను చాచి ఆగడం ఎలా ఉంటుందో కళ్ళారా చూసింది.

"మానను" అంది.